పావగడ సీమలో ఎండ పంట

పావగడలోని శనైశ్చరస్వామిని దర్శింపవలెనని మా అత్తగారు పదియేండ్లనుండి అనుకొనుచున్నారు. ఏటేట ఏదో యొక అడ్డంకి వచ్చుచుండెను. ఈ మాఘమాసమున మాత్రము ఆ యాత్ర తప్పనిసరి యైనది. స్వామి దర్శన మొక కారణము. రెండవ కారణము మా యింటి కాగితముల పెట్టెలో నున్నది. దానిని ముందుగా చెప్పినగాని, అచ్చట మేము చూచినదానిని ఏ కన్నులతో చూచితిమో మా సోదరీమణులకు బోధపడదు.

మా అత్తగారికి పెనుకొండ ప్రాంతమున పుట్టింటివారు పసుపుకుంకుమల క్రింద నిచ్చిన ఆరెకరముల మెట్టచేను కలదు. ఎఱ్ఱనేల. వాన కురిసిన యేడు వేరుసెనగ, కురియని యేడు కంప. ఒక మూల చిన్న బావియు, దాని గట్టున నొక చింతచెట్టును ఉన్నవి. ఆ చేను నేటికిని ఆమె పేరనే యున్నది. గడచిన ఆశ్వయుజమునుండి సౌరవిద్యుత్తు కంపెనీవారి మధ్యవర్తి యొకడు మూడు మారులు మా యింటికి వచ్చెను. ఎకరమునకు ఏటికి 30,000 రూపాయల కౌలు, 29 ఏండ్ల ఒప్పందము, సంతకము చేసిన నాడే కొంత బయానా యని చెప్పెను. మా ఆడుబిడ్డ లిద్దఱును, "ఆ చేనిలో ఏమి పండుచున్నది గనుక! ఇచ్చివేయుడు" అని ఫోనులో చెప్పిరి. మా వారు ఉన్నత పాఠశాలలో గణితము చెప్పువారు గావున లెక్క వేసి చూతమనిరి. అత్తగారు ఔననలేదు, కాదనలేదు. "తిరుమణి దగ్గఱ మా చెల్లెలు వాండ్లు భూమి యిచ్చి ఏడెనిమిదేండ్లైనది గదా. దాని మొగము చూచి వత్తము. అప్పుడు చెప్పెదను" అనిరి. ఉగాదిలోపల బదులు చెప్పవలెనని మధ్యవర్తి గడువు పెట్టియుండెను.

ఇట్లు ఒక శుక్రవారము మధ్యాహ్నమున అత్తగారు, మా వారు, పదియేండ్ల మా అమ్మాయి, ఈ వ్రాయుచున్నవారు, నలుగురము పెనుకొండలో బస్సెక్కితిమి.

పెనుకొండను గూర్చి చెప్పకుండ ముందునకు పోవుట మర్యాద కాదు. 1565లో రక్కసి తంగడి యుద్ధమున విజయనగరము పాడైన పిమ్మట రాయలవంశమువారు ఈ కొండక్రిందనే రాజధాని నిలుపుకొనిరి. నేడా కోటగోడలమీద మేకలు మేయుచున్నవి. రాజ్యములు మాఱుట యెట్టిదో ఈ సీమ బిడ్డలకు పుస్తకము విప్పి చెప్పనక్కఱ లేదు. బస్సు కిటికీలోనుండి చూపిన చాలును. రొద్దము చెంత పెన్న కానవచ్చినది. నందికొండలలో పుట్టిన ఆ తల్లి ఇచటికి వచ్చుసరికి ఇసుక చీర కట్టుకొనియున్నది. అత్తగారు చేతులు జోడించి, "నీళ్లు లేకున్నను నది నదియే" అనిరి.

ఆ తరువాత ఎచ్చటనో ఆంధ్రదేశము ముగిసి కర్ణాటకము మొదలైనది. ఎచ్చట ముగిసినదో మాకు తెలియలేదు. అవే గుట్టలు, అదే జాలిముల్లు, అదే యెఱ్ఱనేల. అంగళ్ల పలకలమీద అక్షరములకు తలకట్టు మాఱినది, అంతే. పావగడ తాలూకా తుమకూరు జిల్లాలోనిదే యైనను దానికి మూడు వైపుల మన సరిహద్దే. 2022 ఏప్రిలు వఱకు అనంతపురముగ నుండి నేడు శ్రీ సత్యసాయి జిల్లాయైన మన సీమ దానిని చుట్టుకొనియున్నది. ఇండ్లలో తెలుగు, కచ్చేరీలో కన్నడము. ఈ మాటకు ముందుముందు పని గలదు.

శనివారము తెల్లవాఱకమునుపే స్నానములు ముగించి కోవెలకు పోయితిమి. కోటగుట్ట నీడలో ఊరు, ఊరిలో శనైశ్చరుని గుడి, చెంతనే శీతలాంబ. రెండు రాష్ట్రముల జనము నల్లనువ్వులు, నూనె, దీపములతో బారులు తీరియుండిరి. అమ్మాయి, "జేజీ, శనికి తండ్రి యెవరు?" అని యడిగినది. అత్తగారు ఆ బారులో నిలిచియే కథ యెత్తుకొనిరి. సూర్యుని వేడికి తాళలేక సంజ్ఞాదేవి తన నీడను భర్తచెంత నుంచి పుట్టింటికి పోయినదట. ఆ నీడయే ఛాయాదేవి. ఆమె కడుపున శని పుట్టెను. "కాబట్టి ఈ స్వామికి తండ్రి యెండ, తల్లి నీడ" అని చెప్పి, "మనము మధ్యాహ్నము చూడబోవునది తండ్రిగారి పొలము" అని నవ్విరి.

పావగడనుండి జీపులో గంటలోపలనే తిరుమణి దారిలో పడితిమి. ఒక మిట్ట యెక్కినంతనే ఎదుట నేల కానరాలేదు. బడిలో పంతులుగారు "చూపుడు" అనినప్పుడు పిల్లలందఱు ఒక్కమాఱు పలకలెత్తి చూపినట్లు, నల్లని పలకలు వరుసలు వరుసలుగ దక్షిణమునకు మొగము పెట్టి నిలిచియున్నవి. ఎంత దూరము చూచినను పలకలే. నడుమ నడుమ రాగిరంగు గుట్టలు, వానిని చుట్టి తీగెల కంచె. చప్పుడన్నది లేదు. అత్తగారు చాలసేపు చూచి, "గొఱ్ఱెల గంటలు వినబడుట లేదు" అనిరి.

ఈ పార్కునకు ప్రభుత్వమువారు శక్తిస్థల మని పేరుపెట్టిరి. తిరుమణి, బళసముద్రము, క్యాతగానచెర్లు, వల్లూరు, రాయచెర్లు అను అయిదూళ్ల భూమిలో సుమారు 13,000 ఎకరములు దీనిక్రింద నున్నవి. కర్ణాటక ప్రభుత్వపు సంస్థయు, కేంద్ర ప్రభుత్వపు సంస్థయు పాలుపంచుకొని 2015లో నొక కార్పొరేషనును స్థాపించినవి. 2018 మొదట 600 మెగావాట్లు, 2019 ముగియుసరికి మొత్తము 2,050 మెగావాట్లు సిద్ధమైనవి. పలకలలో పుట్టిన కరెంటును ఇన్వర్టరులను యంత్రములు మన యిండ్లలో వాడు తీరునకు మార్చును. ట్రాన్స్‌ఫార్మరులు దాని యొత్తిడిని పెంచును. ఉపకేంద్రమునుండి పెద్ద తీగెలు దానిని దూరదేశములకు కొనిపోవును. ప్రొద్దు క్రుంకినంతనే పని ముగియును. మన కర్నూలు సీమలో గని, శకునాల గ్రామములవద్ద 2017లో పూర్తియైన పార్కు 1,000 మెగావాట్లది. దానికి 5,900 ఎకరములకు పైగా పట్టినది. రెండు లెక్కలను కలిపి చూచినచో మెగావాటునకు సుమారు ఆరెకరములు. అనగా మా అత్తగారి చేను సరిగా ఒక్క మెగావాటు!

ఇచ్చటి యేర్పాటులో నొక విశేషమున్నది. ఈ భూములను ఎవరును కొనలేదు. కార్పొరేషనువారు రైతులవద్ద 28 ఏండ్లకు కౌలునకు తీసికొని, ముక్కలు చేసి కంపెనీలకు మరల నిచ్చిరి. ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలు. రెండేండ్ల కొకమాఱు నూటికి అయిదు చొప్పున పెంపు. భూమి రైతు పేరనే యుండును. బలవంతముగ లాగుకొనినచో ఊళ్లు తిరుగబడును, కోర్టులు ఆపును, పని యేండ్లతరబడి నిలిచిపోవును. ఇదంతయు నెఱిగి ఈ దారి త్రొక్కిరని మా వారనిరి. దేశమున పలువురు దీనిని మేలైన పద్ధతిగా చెప్పుకొనుచున్నారు. ఆ మేలు ఎవరికెంత చేరినదో చూచుటకే మేము వచ్చితిమి.

చిన్నత్తగారి యిల్లు కంచెకు కూతవేటు దూరముననే యున్నది. క్రొత్త మిద్దె, ముంగిట నాపరాళ్లు, గోడకు పెద్ద టీవీ. మనుమరాలు తుమకూరులో నర్సు చదువు చదువుచున్నది. అక్కచెల్లెం డ్రిద్దఱును ఒకరినొకరు చూచి కండ్లు తుడుచుకొనిరి. రాగిసంగటి, చెనిగవిత్తుల ఊరిబిండి పెట్టిరి. అత్తగారు ముద్ద నోట పెట్టుకొనుచునే, "కౌలు సరిగా వచ్చుచున్నదా?" అని యడిగిరి.

"వచ్చుచున్నదక్కా. ఆ మాట అబద్ధము చెప్పరాదు. వానలు లేని యేడుకూడ వచ్చినది. అప్పులు తీరినవి, ఇల్లు కట్టినాము, పిల్ల చదువుచున్నది. పదకొండెకరములలో చెనిగ వేసి యెన్నేండ్లు ఏడ్చినామో నీకు తెలియును గదా" అని ఆమె చెప్పిరి.

"అయితే నీ చేతిలో ఎంత యుండును?" అని మా అత్తగారు మరల నడిగిరి.

చిన్నత్తగారు కొంతసేపు బదులు చెప్పలేదు. పిమ్మట చెప్పిన దిది. భూమి వారి మామగారి పేర నుండెను. పార్కు వచ్చిన దినములలో పత్రములు సరిచేయించుకొనుటకు ఊరంతయు కచ్చేరీ చుట్టు తిరిగినది. తాతల పేరనున్నవి, పంచుకొనియు పంచుకొననివి, పేరొకటి పహణీలో వేఱొకటియైనవి, అన్నియు బయటపడినవి. తెలుగున పలుకు పేరు కన్నడమున వ్రాయుటలో ఒక యక్షరము తప్పినను మరల తిరుగవలసినదే. ఆమె భర్త అప్పటికి గతించెను. "అమ్మా, నీవు తిరుగలేవు, మా పేర మార్పించుకొనెదము" అని కొడుకులిద్దఱు చెప్పిరి. ఆమె వ్రేలిముద్ర వేసినది. నేడు కౌలు డబ్బు బెంగుళూరిలో నున్న కొడుకుల ఖాతాలలో పడును. "మంచివాండ్లే. అడిగినచో పంపుదురు. అడుగవలెను, అంతే" అని ఆమె నవ్విరి. ఆ నవ్వు చూచిన పిమ్మట మా అత్తగారు సంగటి మరల వడ్డించుకొనలేదు.

ప్రొద్దు వాలినపిదప చిన్నత్తగారు మమ్ము కంచెవద్దకు తీసికొనిపోయిరి. తమ చేను చూపవలెనని ఆమె కోరిక. కంచె పట్టుకొని నిలిచి, చేయి చాచి, "అదుగో, ఆ మూడవ వరుస వెనుక మా చింతచెట్టుండెను" అనిరి. తరువాత నాలుగడుగులు నడచి, "కాదు కాదు, ఆ కంబముదగ్గఱ" అనిరి. మరల నాలుగడుగులు. గట్లు చదునుచేసిరి, గట్టురాళ్లు తీసివేసిరి, చెట్లు పోయినవి. నలుబదియేండ్లు కలుపు తీసిన నేలను ఆమె గుర్తుపట్టలేకపోయినది. కాగితముమీద సర్వే నంబరున్నది, కంటియెదుట లేదు. అత్తగారు ఆమె చేయి పట్టుకొని, "రమ్ము, చలి పెట్టుచున్నది" అని వెనుకకు మరలించిరి.

త్రోవలో పలకల నీడలో కూర్చుండి నలుగు రాడువారు బువ్వగిన్నెలు కడుగుకొనుచుండిరి. పలకల క్రింద మొలచిన గడ్డి కోయుట, పలకలపై దుమ్ము తుడుచుట వారి పని. అందొకామె చిన్నత్తగారి చేనిలో పూర్వము కలుపు తీసినదే. ఆమెకు భూమి లేదు గావున కౌలు లేదు. "చేను లుండినప్పుడు చెనిగ పీకుటకు, కాయ కొట్టుటకు మాకే పిలుపు. ఇప్పుడు కంట్రాక్టరు పిలిచిననాడు పని, పిలువనినాడు లేదు" అని చెప్పినది. వారి పాలివా డొకడు మేపుటకు బీడు లేక గొఱ్ఱెల నమ్ముకొని బెంగుళూరు పోయెనట. అన్యాయము చేసినవారిని చూపుమన్నచో ఆమె యెవరిని చూపగలదు? కౌలు పత్రములో ఆమె పేరు వ్రాయవలసిన చోటే లేదు.

మాకప్పు డరణ్యపర్వములోని అక్షయపాత్ర జ్ఞప్తికి వచ్చినది. ధర్మరాజు సూర్యుని గూర్చి తపస్సుచేసి దానిని పడసెను. ఎందఱు వచ్చినను తఱుగని పాత్ర. కాని ద్రౌపది భుజించువఱకే. అందఱును తిన్న తరువాతనే ఆమె భుజించును. సూర్యుడిచ్చిన పాత్రలోకూడ కడపటి ముద్ద యెవరిదో ఆనాడే వ్రాసియున్నది.

ఆ రాత్రి అరుగుమీద మా వారు కాగితము, పెన్సిలు తీసిరి. సోదరీమణులు లెక్కలన విసుగుచెందకుందురు గాక. కూరగాయల బేరముకంటె ఇది కష్టము కాదు.

పావగడ కౌలు 21,000. రెండేండ్లకు నూటికి అయిదు పెరిగినచో 27వ యేట సుమారు 39,600 అగును. వినుటకు రెట్టింపువలె నున్నది. కాని వస్తువుల ధరలు ఏటికి నూటికి నాలుగు చొప్పున పెరిగినవనుకొందము. దేశపు రిజర్వు బ్యాంకు తాను నిలుపదలచిన హద్దుగా చెప్పునదియు అదియే. అప్పుడు నాటి 39,600 రూపాయలకు వచ్చు సరకు మొదటియేట 14,300 రూపాయలకే వచ్చియుండును. అనగా అంకె పెరుగును, సంచి తరుగును. మూడింట నొకవంతు ఎండలో ఆవిరియైనట్లే.

రెండవ లెక్క. ఒక మెగావాటు మన సీమ యెండలో ఏటికి సుమారు 16 లక్షల యూనిట్లిచ్చును. నెలకు 100 యూనిట్లు వాడు సంసారములు 1,300కు పైగా దానితో వెలుగును. యూనిట్ కు 2 రూపాయల 44 పైసలైనను అది 39 లక్షల రూపాయలు. అందులో మా అత్తగారికి మధ్యవర్తి చెప్పిన కౌలు ఆరెకరములకు 1,80,000. నూటికి అయిదు పాళ్లైనను కాదు. కంపెనీవారు కోట్ల పెట్టుబడి పెట్టుదురు, అప్పునకు వడ్డీ కట్టుదురు. ఆ మాటయు న్యాయమే. కాని బేరమాడుటకు చోటున్నదని మాత్రము తెలిసినది.

ఈ 2 రూపాయల 44 పైసలకొక కథ యున్నది. 2015 నవంబరులో కర్నూలు పార్కులోని 500 మెగావాట్లకు జరిగిన వేలమున సన్‌ఎడిసన్ అను అమెరికా కంపెనీ యూనిట్ 4 రూపాయల 63 పైసలకు పాడినది. నాటికది దేశముననే తక్కువ ధర. ఆఱు నెలలు తిరుగకమునుపే, 2016 ఏప్రిలులో, ఆ కంపెనీ తన దేశమున దివాలా తీసినది. ఇచ్చటి ఆస్తులు గ్రీన్‌కో అను వేఱొక కంపెనీ చేతికి పోయినవి. 2017 మేలో రాజస్థానములోని భడ్లాలో ధర 2 రూపాయల 44 పైసలకు దిగినది. ఇక చూడుడు: ధర సగమునకు వచ్చినది, పాత ఒప్పందములు ఇరువదియైదేండ్లకు పాత ధరలతో నున్నవి. 2019లో ఆంధ్రప్రదేశమున ప్రభుత్వము మాఱినది. క్రొత్త ప్రభుత్వము, గాలివిద్యుత్తు సౌరవిద్యుత్తుల పాత ధరలు ప్రజలకు భారమని, వానిని తగ్గించుటకై జులై 1వ తేదీన నొక సంఘమును నియమించినది. కంపెనీలు హైకోర్టుకెక్కినవి. ఆ సెప్టెంబరులో కోర్టు, తగవు తీరువఱకు సౌరవిద్యుత్తునకు యూనిట్ 2 రూపాయల 44 పైసలు తాత్కాలికముగ చెల్లింపుమనినది. 2022 మార్చిలో ధర్మాసనము ఒప్పందములలోని ధరలే చెల్లవలెనని తీర్పుచెప్పినది. కంపెనీలు గెలిచినవి, కాని నడుమ రెండున్నర యేండ్లు గడచినవి.

"కంపెనీకి డబ్బు నిలిచిన ఆ రెండున్నరయేండ్లు మన కౌలు వచ్చునా?" అని అత్తగారు అరుగు చివరనుండి అడిగిరి. ఆమె నిద్రించుచున్నారని మేమనుకొంటిమి. ఆ ప్రశ్నకు మా వారి వద్ద లెక్క లేదు. పావగడలో రైతునకును కంపెనీకిని నడుమ ప్రభుత్వపు కార్పొరేషను నిలిచియున్నది. మావద్దకు వచ్చిన పత్రములో అట్టివారెవరును లేరు. కంపెనీ, అత్తగారు, అంతే. కంపెనీ వేఱొకరికి అమ్ముడైనచో క్రొత్తవారు పాత మాటకు కట్టుబడుదురని స్పష్టముగ వ్రాసియులేదు.

నేల తరగతి సంగతి మఱియొకటి. సేద్యపు భూమిని ఇతర పనికి మార్చుటకు సర్కారు అనుమతి కావలెనన్నది చిరకాలముగ నుండిన నియమము. కర్ణాటకమున 1964 నాటి భూమి రెవిన్యూ చట్టములో ఈ నియమమును చేర్చిరి, ఆంధ్రప్రదేశమున 2006 నాటి చట్టము దీనికొఱకే పుట్టినది. సౌరవిద్యుత్తునకై ప్రభుత్వములు ఈ ముడులను కొంచెము కొంచెముగ సడలించుచు వచ్చినవి. ఒకరు సడలించినదానిని మఱియొకరు బిగింపవచ్చును. ఇంకొకటి: సేద్యము మానిన నేలకు పంటఋణము పుట్టదు, 2019లో కేంద్ర ప్రభుత్వము మొదలుపెట్టిన కిసాన్ నిధి యేటికి 6,000 రూపాయలును, సాగునకుగాక వేఱుపనికి వాడు భూమికి చెల్లదు. 29 ఏండ్ల తరువాత సిమెంటు కంబములు పెఱికి, గట్లు వేసి, మరల సేద్యపు నేలగా పత్రములలో నెక్కించి యిచ్చువారెవరు? చిన్నత్తగారు చింతచెట్టుకొఱకు వెదకిన నాలుగడుగులు మాకు మరల మరల గుర్తునకు వచ్చినవి.

ఇదంతయు చదివి సౌరవిద్యుత్తన్న మాకు ద్వేషమని యెవరు నెంచవలదు. బొగ్గు కాల్చిన పొగ మన బిడ్డల యూపిరిలోనికే పోవును. వానకు నోచని సీమకు దేవుడు ఎండనైన నిచ్చెను. దానిని అమ్ముకొనుట తప్పు కాదు. చిన్నత్తగారి మిద్దెయు, మనుమరాలి చదువును కల్ల కాదు. అమ్మునప్పుడు తూకము మనముకూడ చూడవలెనన్నదే మా మాట.

ఆదివారము తిరుగు ప్రయాణమున అత్తగారు రొద్దము వఱకు పలుకలేదు. పెన్న కానవచ్చినపుడు అమ్మాయిని పుస్తకము తీయుమని, తాము చెప్పినది వ్రాయుమనిరి. బావియు చింతచెట్టు నున్న రెండెకరములు ఇచ్చునవి కావు. తక్కిన నాలుగెకరములకు కౌలు తమ పేర, తమ ఖాతాలోనే పడవలెను. తమ తదనంతరము కొడుకునకును కూతుండ్రకును సమముగ పోవలెను. సర్కారు కంపెనీకి డబ్బిచ్చినను ఇయ్యకున్నను కౌలు ఆగరాదు. కంపెనీ చేతులు మాఱినను మాట మాఱరాదు. పెంపు ధరలతోపాటు పెరుగవలెను. గట్టురాళ్ల కొలతపటము పత్రమునకు జతచేయవలెను, నేలను మరల చేనుగా మార్చి యిచ్చు ఖర్చునకు ముందే కొంత సొమ్ము బ్యాంకులో నుంచవలెను. అన్నియు వ్రాయించిన పిమ్మట కొంత ఆలోచించి, "పదునెనిమిదేండ్లనుండి మన చేను పాలునకు చేయుచున్న వాని సంసారమునకు మొదటి రెండేండ్లు కౌలులో నాలుగవవంతు. అది కంపెనీ యియ్యనక్కఱ లేదు. మనమిత్తము" అనిరి.

మా వారు ఆ చివరి మాటకు కొంచెము తటపటాయించిరి. నాలుగవవంతనగా ఏటికి 30,000. అమ్మాయి చదువునకై ఆ డబ్బును వారు మనసులో నప్పుడే ఖర్చుపెట్టియుండిరి. మేమును పెట్టియుంటిమి, దాచనేల? అత్తగారు కిటికీవైపు చూచుచు, "ఆ గిన్నెలు కడుగుకొనుచున్నదానిని మీరు చూడలేదా?" అనిరి. అటుపై ఎవరును మాటాడలేదు.

సోదరీమణులారా, మీ యిండ్లకును ఇట్టి మధ్యవర్తులు రావచ్చును, వచ్చియు నుందురు. వారు వచ్చునప్పుడు వంటయింటిలోనికి పోవలదు. ముందుగా అడంగలునందు, పాసుపుస్తకమునందు ఎవరి పేరున్నదో చదువుకొనుడు. చదువనేరని యత్తగారికి కోడలు చదివి వినిపించుగాక. వ్రేలిముద్రకు ముందు ఆ కాగితమును ఒక న్యాయవాదిచేత చదివించుకొనుట చీర రంగు చూచి కొనుటకంటె ఎక్కువ శ్రమ కాదు. తొందరచేయు బేరమున ఆ తొందర ఎవరిదో యని యొక్కమాఱు తలచుకొనుడు.

ఉగాది వచ్చి పోయినది. మధ్యవర్తి వచ్చి, అమ్మాయి గుండ్రని యక్షరములతో వ్రాసిన కాగితమును రెండుమారులు చదివెను. కంపెనీ పత్రము అందఱికి నొక్కటే యని, మార్చు వాడుక లేదని మొదట చెప్పెను. అత్తగారు మజ్జిగ యిచ్చి ఊరకుండిరి. చివరకు పై యధికారుల నడిగి వచ్చెదనని కాగితము మడచి జేబులో నుంచుకొని పోయెను. ఇది వ్రాయునాటికి బదులు రాలేదు. వానలకింక రెండు నెలలున్నవి. మా అటకమీద ఈ యేటి విత్తనపు కాయ మూటకట్టియున్నది. దానిని అమ్మివేయుదమా యని మేమడిగితిమి. "ఉండనిమ్ము. బదులు రాకమునుపే వాన రావచ్చును" అని అత్తగారు చెప్పిరి.